ఐఏఈసీ అనుమతి రాకముందే ఎలుకల మీద ప్రయోగం మొదలుపెట్టమంటున్నారు, ఏం చేయాలి?

పొడపత్రి_ఎంఫార్మ్:

అందరికీ నమస్కారం. నేను ఎం.ఫార్మసీ ఫార్మకాలజీ చివరి సెమిస్టర్‌లో ఉన్నాను. కాలేజీ పేరు చెప్పలేను, గుంటూరు వైపు అనుకోండి. పొడపత్రి ఆకు సారం షుగర్‌ని ఎంత తగ్గిస్తుందో విస్టార్ ఎలుకల మీద చూడటం నా ప్రాజెక్టు. స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చి షుగర్ తెప్పించాలి, 28 రోజులు సారం పట్టాలి, చివర్లో క్లోమం తీసి హిస్టోపాథాలజీకి, అంటే మైక్రోస్కోప్ కింద కణజాల పరీక్షకి పంపాలి.

మా కాలేజీలో జంతు ప్రయోగాల ఎథిక్స్ కమిటీ, అదే ఐఏఈసీ, మీటింగ్ ఇంకా జరగలేదు. మీటింగ్‌కి రావాల్సిన కేంద్ర కమిటీ తరపు నామినీ గారికి తీరిక దొరకడం లేదట. మా గైడ్ ఏమో "నువ్వు మొదలుపెట్టెయ్యమ్మా, మీటింగ్ అయ్యాక అనుమతి నంబర్ వేసుకుందాం, అందరూ చేసేదే" అంటున్నారు. ఎలుకల్ని కూడా రిజిస్టర్డ్ బ్రీడర్ దగ్గర కాకుండా, ఊళ్ళో అక్వేరియం చేపలూ లవ్ బర్డ్సూ అమ్మే షాపులో తెమ్మన్నారు. సగం ధరకే వస్తాయట.

ఇంకోటి. పోయిన బ్యాచ్ సీనియర్లు మిగిలిపోయిన ఎలుకల్ని చంపడానికి మనసొప్పక, ఒక సాయంత్రం తీసుకెళ్ళి కాలేజీ వెనక పొలంలో వదిలేశారు. అది మంచిపనే అనుకున్నాం అందరం. ఇప్పుడు ఆలోచిస్తే అనుమానంగా ఉంది.

అసలు ఈ ఎలుకలకి చట్టంలో రక్షణ అంటూ ఏమైనా ఉందా, లేక అంతా కాగితాల తంతేనా? రేపేదైనా గొడవైతే సంతకం పెట్టిన నా మీదికి వస్తుందా? గైడ్‌తో గొడవ పెట్టుకునే పరిస్థితి నాకు లేదు, వైవాకి మార్కులు ఆయన చేతిలోనే ఉన్నాయి. చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

బెజవాడ_బుల్లెట్:

జంతువుల మీద ప్రయోగాలు 2023లోనే బ్యాన్ చేశారు కదా? పేపర్లో చదివినట్టు గుర్తు. ఇంకా ఎలా చేస్తున్నారు మీరంతా?

షామీర్‌పేట_వెట్:

ముందు బుల్లెట్ గారికి. బ్యాన్ కాలేదండి, రెండు వార్తలు కలిసిపోయాయి మీకు. సబ్బులు, క్రీములు, లిప్‌స్టిక్కుల్లాంటి కాస్మెటిక్స్‌ని జంతువుల మీద పరీక్షించడం మన దేశంలో 2014లో నిషేధించారు. బయటి దేశాల్లో అలా పరీక్షించిన సరుకు దిగుమతిని కూడా ఆ ఏడాదే ఆపారు. 2023లో వచ్చింది కొత్త మందుల నిబంధనలకు సవరణ. మనిషి కణాలు, ఆర్గనాయిడ్లు అనే చిట్టి అవయవాలు, చిప్ మీద పెంచిన కణజాలం, కంప్యూటర్ మోడళ్ళతో తెచ్చిన డేటా ఇచ్చినా తీసుకుంటామన్నారు. జంతువుల్ని వాడొద్దని ఎక్కడా అనలేదు.

ఇప్పుడు నీ సంగతి చూద్దాం అమ్మా. నేను వెటర్నరీ డాక్టర్ని. తిరుపతిలో చదివాను, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్‌ఐఎన్‌లో ల్యాబ్ జంతువుల కోర్సు చేశాను, ఇప్పుడు షామీర్‌పేట వైపు ఒక కంపెనీ యానిమల్ హౌస్ చూస్తాను. ఎథిక్స్ కమిటీలో కూర్చునేది కూడా నేనే. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

మన చట్టం 1960 నాటిది, జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం. దానికి ముందే ఇలాంటి బిల్లు రాజ్యసభలో ప్రైవేటుగా పెట్టినావిడ రుక్మిణీదేవి అరండేల్. కళాక్షేత్ర స్థాపించిన ఆవిడే. ఇప్పటి చట్టంలో నాలుగో అధ్యాయం, 14 నుంచి 20 దాకా సెక్షన్లు, మొత్తం ప్రయోగాల గురించే. 14వ సెక్షన్ ప్రయోగం చేయడం నేరం కాదంటుంది, కానీ దేనికోసమన్నది చెబుతుంది: కొత్త జ్ఞానం కోసం, ప్రాణం నిలపడం కోసం, బాధ తగ్గించడం కోసం, రోగాన్ని ఎదుర్కోవడం కోసం. ఆ తర్వాత వచ్చేవన్నీ షరతులే. 17 ఒక్కసారి చదువు, అర్థం కాని భాషేం కాదు. అర్హత ఉన్నవాళ్ళే చేయాలి. చాలినంత మత్తు ఇచ్చి చేయాలి. మత్తు దిగితే తీవ్రంగా బాధపడుతుందనుకున్న జంతువుని, ఆ మత్తులో ఉండగానే చంపాలి. పుస్తకంతోనో, నమూనాతోనో, సినిమాతోనో సరిపోయే చోట ప్రయోగం పెట్టుకోకూడదు. చెయ్యి తిరగడం కోసం జంతువుని కొయ్యకూడదు. ఎలుకతో అయ్యే పనికి పెద్ద జంతువుని వాడకూడదు. రికార్డు రాయాలి. అరవై ఏళ్ళ కిందటే ఇదంతా రాసిపెట్టారు.

ఈ ప్రయోగాల మీద కన్నేసి ఉంచడానికి ఈ చట్టం కిందే ఒక కేంద్ర కమిటీ 1964లో ఏర్పడింది. చాలాకాలం ఉందా లేదా అన్నట్టే ఉండి, 1998లో మేనకా గాంధీ ఛైర్‌పర్సన్‌గా ఉన్నప్పుడు మళ్ళీ కదిలింది. నియమాలు కూడా 1998లోనే వచ్చాయి, 2001లో, 2006లో సవరించారు. మనమంతా సీపీసీఎస్‌ఈఏ అని పిలిచేది దాన్నే, ఇప్పుడు సీసీఎస్‌ఈఏ అయింది. పశుసంవర్ధక శాఖ కింద ఉంటుంది. ప్రతి కాలేజీ, ప్రతి కంపెనీ దాని దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి, లోపల ఐఏఈసీ పెట్టుకోవాలి. ఎలుకలు, చుంచులు, కుందేళ్ళు, గినీ పిగ్‌ల వరకు ఐఏఈసీ అనుమతి చాలు. కుక్క, మేక, కోతి దాకా వెళ్తే ఫైలు ఢిల్లీకి పోవాల్సిందే.

ఇక నీ గైడ్ గారి మాట. అనుమతి ముందు, సూది తర్వాత. ఇందులో వెనకాముందుల్లేవు. జరిగిపోయిన ప్రయోగానికి అనుమతి ఇచ్చే అధికారం ఏ ఐఏఈసీకీ లేదు. రేపు పేపర్ పంపినప్పుడు మంచి జర్నల్ నంబర్ ఒక్కటే అడగదు, తేదీ కూడా అడుగుతుంది. స్ట్రెప్టోజోటోసిన్ ఇచ్చిన తేదీ నీ రికార్డు పుస్తకంలో ఉంటుంది, మీటింగ్ తేదీ మినిట్స్‌లో ఉంటుంది. పక్కపక్కన పెట్టి చూడటానికి పెద్ద తెలివి అక్కర్లేదు.

ఇంత పట్టుదల దేనికంటావేమో. నీ ప్రయోగాన్నే తీసుకో. స్ట్రెప్టోజోటోసిన్ క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలని చంపుతుంది. ఆ కణాలు పగిలేటప్పుడు లోపలున్న ఇన్సులిన్ ఒక్కసారిగా రక్తంలోకి వచ్చేసి, మొదటి రోజు షుగర్ పెరగడానికి బదులు పడిపోతుంది. అందుకే ఆ రాత్రి నీళ్ళ సీసాలో గ్లూకోజు కలిపి పెట్టాలి. మర్చిపోతే పొద్దున్నకి కొన్ని బిగుసుకుపోయి ఉంటాయి. మూడో రోజుకి షుగర్ ఎక్కుతుంది. అక్కడ్నుంచి ఎలుక నీళ్ళు తాగుతూనే ఉంటుంది, పోస్తూనే ఉంటుంది. పొద్దున నింపిన సీసా సాయంత్రానికి ఖాళీ. మామూలు ఎలుకలకి ఊక వారానికి రెండుసార్లు మారిస్తే చాలు, వీటికి రోజూ మార్చాలి. మార్చలేదనుకో, కేజ్ మూత తియ్యగానే అమోనియా ఘాటుకి కళ్ళు మండుతాయి. పొట్ట కింద బొచ్చు తడిసి అట్టకట్టి ఉంటుంది, పాదాలు పుండ్లు పడతాయి, ఎలుక మూల కూర్చుని వీపు గూని చేసుకుంటుంది. చూడటం తెలిసినవాళ్ళకి ఆ వీపు చాలు, నొప్పితో ఉందని.

మరి ఆదివారం అటెండర్ రాకపోతే ఊక ఎవరు మారుస్తారు? ఎంత బరువు తగ్గితే ప్రయోగం ఆపి ఆ ఎలుకకి ముగింపు ఇస్తారు? సాధారణంగా 20 శాతం గీత పెట్టుకుంటాం. ఆ గీత నువ్వు ముందే రాశావా? కమిటీలో కూర్చున్న వెట్ ఇవన్నీ అడగాలి. నీ ఎలుకకి చట్టం ఇచ్చే రక్షణ అంటే ఆ అరగంట ప్రశ్నలే. అది ఎగ్గొట్టి నంబర్ మాత్రం వేసుకుంటే నీ దగ్గర మిగిలేది నిజంగానే కాగితం.

షాపు ఎలుకలు వద్దేవద్దు. రిజిస్టర్డ్ బ్రీడర్ దగ్గరే కొనాలని నియమం. దొరక్కపోతే వేరే చట్టబద్ధమైన దారి ఉంది, దానికీ కమిటీ ఒప్పుకోవాలి. చట్టం మాట అటుంచు, ఆ షాపు ఎలుక వయసెంతో, తల్లి ఎవరో, ఊపిరితిత్తుల్లో ఏ జబ్బుందో షాపాయనకే తెలీదు. నీ రీడింగులు చెల్లాచెదురై స్టాటిస్టిక్స్ దగ్గర ఏడుస్తావు.

సీనియర్లు పొలంలో వదలడం గురించి. వాళ్ళ మనసు మంచిదే, పని మంచిది కాదు. తరాలుగా కేజ్‌లో పుట్టి పెరిగిన తెల్ల ఎలుక, పెల్లెట్ తప్ప తిండి ఎరగనిది, రాత్రి పొలంలో ఏం చేస్తుంది? కాకికో, పిల్లికో, పాముకో దొరుకుతుంది. దాని ఒంట్లో మీరు ఎక్కించిన మందులు కూడా వాటి వెంట పోతాయి. ప్రయోగం తర్వాత జంతువు బాగోగులు, పునరావాసం చూడాల్సింది ప్రయోగం చేసినవాళ్ళేనని 1998 నియమాల్లోనే సవరించి చేర్చారు, ఖర్చు కూడా ప్రాజెక్టు ఖర్చులో భాగమే. ఆచరణలో కుక్కల్లాంటి వాటికి అది జరుగుతోంది, ల్యాబుల్లోంచి వచ్చిన బీగిల్స్‌ని బెంగళూరులో ఇళ్ళకి దత్తత ఇచ్చారు. నీకు క్లోమం కావాలి కాబట్టి నీ ఎలుకలకి ఆ దారి లేదు. వాటిని ఏ పద్ధతిలో చంపుతావో అనుమతి కోసం పెట్టే దరఖాస్తు, అదే ఫారం బిలో ముందే రాయాలి. తర్వాత పసుపు సంచి, ఇన్సినరేటర్. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల్లో ప్రయోగ జంతువుల కళేబరాలు పసుపు కేటగిరీలోకే వస్తాయి.

బెజవాడ_బుల్లెట్:

బాగా చెప్పారు మేడమ్, థాంక్స్. కానీ ఆ చట్టం తీసి చూశాను ఇప్పుడే. 20వ సెక్షన్లో జరిమానా రెండొందల రూపాయలు! హెల్మెట్ లేకపోతే మా దగ్గర ఇంతకంటే ఎక్కువే రాస్తారు. ఇదేం రక్షణ?

షామీర్‌పేట_వెట్:

నిజమే. 1960లో రెండొందలంటే ఒక గుమాస్తా జీతం, ఇప్పుడు ఎలుకల మేత బస్తా కూడా రాదు. ఈ చట్టంలో శిక్షలు పెంచుతామని 2022లో సవరణ ముసాయిదా బయటపెట్టారు, అక్కడే ఆగింది. కానీ మీరు ఒక సెక్షన్ వెనక్కి వెళ్ళి చదవండి, 19. నియమాలు పాటించడం లేదని తేలితే, వాళ్ళ వాదన విన్నాక, ఆ మనిషినో ఆ సంస్థనో ప్రయోగాలు చేయకుండా ఆపెయ్యొచ్చు, కొంతకాలం గానీ, నిరవధికంగా గానీ. మా కంపెనీ యజమానికి రెండొందలంటే నవ్వొస్తుంది, 19 అంటే నిద్ర పట్టదు. ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే యానిమల్ హౌస్ ఎలా మెరిసిపోతుందో మీరు చూడాలి. మిగతా రోజుల్లో కూడా అలాగే ఉండేలా చూడటమే నా ఉద్యోగం.

అమ్మా, నీ మీదికి వస్తుందా అన్నావు కదా. సంస్థలో తప్పు జరిగితే దాని బాధ్యుడే దోషి అని 20లోనే ఉంది. ప్రయోగానికి ముఖ్య పరిశోధకుడిగా సంతకం పెట్టేది గైడ్. అలాగని నీకేం సంబంధం లేదనుకోకు, సూది నీ చేతిలో ఉంది.

ఫార్మకాలజీ_మాస్టారు:

డాక్టర్ గారూ, మీరు చెప్పిందంతా సరైనదే. కానీ మీరు ఏసీ యానిమల్ హౌస్‌లోంచి రాస్తున్నారు. నేను ఒక చిన్న ప్రైవేటు ఫార్మసీ కాలేజీలో చాలా ఏళ్ళుగా ఫార్మకాలజీ చెబుతున్నాను, మా బాధ కూడా వినండి.

గైడ్‌లైన్స్ ప్రకారం గదిలో 18 నుంచి 29 డిగ్రీలు ఉండాలి. మే నెలలో పల్నాడు వచ్చి చూడండి. కరెంటు పోతే జనరేటర్ డీజిల్‌కి మేనేజ్‌మెంట్‌ని బతిమాలుకోవాలి. నామినీ రాకపోతే మీటింగ్ చెల్లదు. ఆయన ఇంకో జిల్లా నుంచి రావాలి, అలాంటి కాలేజీలు ఆయన చేతిలో చాలా ఉంటాయి. ఆయన బదులు వచ్చే లింక్ నామినీ ఉన్నారు, ఆయనా బిజీయే. యూనివర్సిటీ మాత్రం థీసిస్ గడువు ఒక్క రోజు జరపదు. ఆ గైడ్ చేసింది తప్పు, నేను సమర్థించడం లేదు. కానీ ఆయన దుర్మార్గుడని అనుకోకండి, ఇరుక్కుపోయి ఉంటాడు.

ఇంకో మాట, ఎవరూ పైకి అనరు. ఎం.ఫార్మ్ ఫార్మకాలజీ థీసిస్‌లో జంతువు లేకపోతే బయటి ఎగ్జామినర్ మొహం చిట్లిస్తాడు. "ఇన్ విట్రో (గాజు గొట్టాల్లో చేసేది) ఒక్కటేనా? యానిమల్ వర్క్ ఏది?" అంటాడు. అందుకని పిల్లలంతా అదే నేరేడు గింజ, అదే మెంతి, అదే పొడపత్రి, అదే స్ట్రెప్టోజోటోసిన్. తీరా థీసిస్ లైబ్రరీ బీరువాలోకి పోతుంది. బి.ఫార్మ్‌లో మేం ఎప్పుడో మారిపోయాం. కప్పలూ కుందేళ్ళూ పోయి, ఎక్స్‌ఫార్మ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ప్రాక్టికల్స్ చేయిస్తున్నాం. యూజీసీ కూడా జువాలజీ డిసెక్షన్లు 2011 నుంచి తగ్గిస్తూ వచ్చి 2014లో ఆపమంది. పీజీ ప్రాజెక్టు దగ్గరకొచ్చేసరికి మాత్రం అందరం పాతకాలం మనుషులమే.

షామీర్‌పేట_వెట్:

మాస్టారూ, ఏసీ సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ గది 29 దాటుతుందని ముందే తెలిసినప్పుడు మే నెలలో ప్రయోగం పెట్టుకోకపోవడం మన చేతిలో పని. వేడికి ఎలుక తిండి మానేస్తే మీ షుగర్ రీడింగ్ మందు వల్ల తగ్గిందా, ఎండ వల్లా అన్నది ఎవరు తేలుస్తారు?

రెండో సంగతి నాకు నూరుపాళ్ళు నచ్చింది. ఫారం బిలో ఒక డిక్లరేషన్ ఉంటుంది: ఈ ప్రయోగం ఇంతకుముందు జరిగినదాన్ని అనవసరంగా మళ్ళీ చేయడం కాదని ధ్రువీకరిస్తున్నాను, అని. దాని కింద అందరూ కళ్ళు మూసుకుని సంతకం పెడతారు. పొడపత్రి షుగర్ తగ్గిస్తుందా అన్న ప్రశ్న మీద ఇప్పటికి ఎన్ని ఎలుకలు పోయాయో! అమ్మా, నీ సారంలో కొత్తేముంది? వేరే ద్రావకంతో తీశావా, ఏదైనా ఒక భాగాన్ని విడదీశావా? కొత్తదేదీ లేకపోతే నేను కమిటీలో ఉంటే నీ ఫైలు వెనక్కి పంపేదాన్నే, కోపం తెచ్చుకోకు.

ముందు గాజు గొట్టాల్లో చెయ్యి. తిండిలోని పిండిని చక్కెరగా విరిచే ఎంజైములు ఆల్ఫా అమైలేజ్, ఆల్ఫా గ్లూకోసిడేజ్ మీద సారం పనిచేస్తుందా చూడు. ఎల్6 కండర కణాల్లోకి గ్లూకోజు ఎంత పోతోందో చూపించే పరీక్ష ఉంది, మీ దగ్గర లేకపోతే డబ్బు తీసుకుని చేసిపెట్టే ల్యాబులు ఉన్నాయి. అందులో పని చేయని సారాన్ని ఎలుకకి పట్టడం దేనికి? మూడు సారాల్లో ఒకటి నిలబడితే ఆ ఒక్కదానికే ఎలుకలు అడుగు. రస్సెల్, బర్చ్ 1959లో చెప్పిన మూడు ఆర్‌లలో రెండు ఇక్కడే తీరిపోతాయి: ప్రత్యామ్నాయం వాడటం, సంఖ్య తగ్గించడం. మూడోది బాధ తగ్గేలా పద్ధతి మార్చుకోవడం. నాలుగో ఆర్, పునరావాసం, మన దేశం చేర్చుకున్నది.

రిటైర్డ్_తెలుగుపండిట్:

నమస్కారం. ఈ చర్చలో నాకేం పని అనుకోవద్దు, నేనూ ఒక ఐఏఈసీలో సభ్యుణ్ణి. సైన్సుకి సంబంధం లేని, సమాజం తెలిసిన మనిషి ఒకరు కమిటీలో ఉండాలట, ఆ కుర్చీ నాది. హైస్కూల్లో ఛందస్సు చెప్పుకుని రిటైరైనవాణ్ణి. మొదటి మీటింగ్‌లో ఫారం బి చేతికిస్తే తలా తోకా తెలియలేదు. టీ, బిస్కెట్లు, సంతకం అనుకున్నాను. పక్కనే కూర్చున్న వెటర్నరీ డాక్టరు గారు "మాస్టారూ, మీకు అర్థం కానిది ఏదైనా అడగండి, అందుకే మిమ్మల్ని పెట్టారు" అన్నారు.

ఒకసారి ఒక అమ్మాయి నొప్పి తగ్గించే మందు పరీక్ష పెట్టింది. చుంచు పొట్టలోకి అసిటిక్ ఆసిడ్ ఎక్కిస్తారట, అది నొప్పికి ఒళ్ళు మెలికలు తిరుగుతుందట, మందు ఇచ్చినవి ఎన్నిసార్లు తిరిగాయి, ఇవ్వనివి ఎన్నిసార్లు తిరిగాయి అని అరగంట పాటు లెక్కపెడతారట. నేను ఒకటే అడిగాను: "తల్లీ, మందు పనిచేస్తుందో లేదో తెలియడానికి అది అరగంట మెలికలు తిరగాలా? పది నిమిషాలు చాలవా?" గదిలో ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ డాక్టరు గారు, బయటి సంస్థ నుంచి వచ్చిన సైంటిస్టు గారు పాత పేపర్లు తిరగేసి, పది నిమిషాల లెక్కతో కూడా తేడా తెలుస్తుందని తేల్చారు. లెక్క అయిన వెంటనే దానికి ముగింపు ఇవ్వాలని కూడా రాయించారు. ఆ అమ్మాయికి నా మీద కోపం వచ్చిందేమో తెలియదు.

నామినీ గారు రాలేదని మీటింగ్ ఆగడం మా దగ్గరా జరిగింది. ఛైర్మన్ గారి చేత రెండు తేదీలు ఇచ్చి ఉత్తరం రాయించండి, లింక్ నామినీకి కూడా కాపీ పెట్టించండి. నోటి మాటకి దొరకని తీరిక ఉత్తరానికి దొరుకుతుంది.

బుల్లెట్ బాబుకి ఒక మాట. ప్రయోగాలు మొత్తం ఆపెయ్యాలనే అనిపిస్తుంది ఇవన్నీ వింటే, నాకూ అనిపిస్తుంది. మా ఊళ్ళో వరికోతలప్పుడు పాము కరిస్తే ఆస్పత్రిలో ఎక్కించే మందు గుర్రాల రక్తం నుంచి తీసేది. ఆ గుర్రాల్ని కూడా ఇదే కమిటీ చూసుకోవాలి. దాన్ని ఆపమని నేనెలా అంటాను?

రాలీ_పోస్ట్‌డాక్:

నార్త్ కరోలినా నుంచి. మనవాళ్ళు ఇక్కడి చట్టాలు చాలా గట్టివనుకుంటారు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. అమెరికా జంతు సంక్షేమ చట్టం 1966లో వచ్చింది. 1965లో పెప్పర్ అనే డాల్మేషియన్ కుక్క ఇంటి నుంచి మాయమై, చివరికి ఒక ఆస్పత్రిలో ప్రయోగంలో చనిపోయిందని తేలడంతో దేశమంతా గోల గోల అయింది. చట్టం వచ్చింది. కానీ ప్రయోగాల కోసం పెంచిన ఎలుకలు, చుంచులు, పక్షులు ఆ చట్టం కిందికి రావు, 2002లో ఆ మినహాయింపుని చట్టంలోనే రాసేశారు. ల్యాబుల్లో ఉండేవాటిలో ఎక్కువ అవేగా! ప్రభుత్వ పరిశోధన నిధులు తీసుకునే సంస్థలకి వేరే నియమాలున్నాయి, అందువల్ల మా దగ్గర చుంచులకి కూడా కమిటీ అనుమతి కావాలి. సొంత డబ్బుతో నడిచే కంపెనీకి ఆ నియమాలు వర్తించవు. ఆ లెక్కన గుంటూరు ఎలుకకి చట్టంలో ఉన్న చోటు ఇక్కడి ఎలుకకి లేదు. ఆచరణ సంగతి మీరే చెప్పాలి.

పొడపత్రి_ఎంఫార్మ్:

అందరికీ చాలా థాంక్సండి. పండిట్ గారు చెప్పినట్టు ఉత్తరం రాయించాను. గొడవ పడలేదు, "సర్, జర్నల్ వాళ్ళు తేదీ అడుగుతారట, మన పేపర్ వెనక్కి వస్తుందేమో" అన్నాను అంతే. పేపర్ మాట వినగానే ఆయనే ఛైర్మన్ గారి దగ్గరికి వెళ్ళారు. లింక్ నామినీ గారు వస్తామన్నారు. ఎలుకలు హైదరాబాద్ బ్రీడర్ దగ్గర తెప్పిస్తామన్నారు, తేడా డబ్బు సగం నేను పెట్టుకోవాలట. సరే అన్నాను.

ఈలోగా మూడు సారాలు తీసి అమైలేజ్ పరీక్ష చేస్తున్నాను. నీళ్ళతో తీసినది ఏమీ పనిచేయలేదు, ఇథైల్ ఎసిటేట్ భాగం కొంచెం బాగుంది. దాని మీద పెద్దగా పేపర్లు కనబడలేదు, కాబట్టి డిక్లరేషన్ మీద ధైర్యంగా సంతకం పెట్టొచ్చనుకుంటున్నా.

వెట్ మేడమ్‌కి ఒక డౌట్. ఫారం బిలో సంఖ్య ఎంత రాయాలి? ఐదు గ్రూపులు, గ్రూపుకి ఆరు, మొత్తం 30. కొన్ని చచ్చిపోతాయి కాబట్టి గ్రూపుకి ఎనిమిది చొప్పున 40 అడగమన్నారు గైడ్.

షామీర్‌పేట_వెట్:

40 వద్దు. పోల్చి చూడటానికి ఉంచే నార్మల్ కంట్రోల్ గ్రూపుకి నువ్వు స్ట్రెప్టోజోటోసిన్ ఇవ్వవు, మందు లేని ద్రావణం, అంటే బఫర్ మాత్రమే ఇస్తావు. అవి చచ్చిపోవు, వాటికి అదనం దేనికి? మందు ఎక్కించేది మిగతా 24కే. వాటికి అదనంగా నాలుగు అడుగు, కారణం ఒక వాక్యంలో రాయి: ఇదే డోసు, ఇదే జాతి ఎలుకలతో వచ్చిన ఏదైనా పేపర్లో ఎన్ని చనిపోయాయో చూసి ఆ శాతం పెట్టు. మొత్తం 34. కమిటీ అడిగితే లెక్క చెప్పగలవు. 40కి చెప్పలేవు.

ఆ నాలుగింటికీ మొదటి రోజే సూది వెయ్యొద్దు. 24కి ఇచ్చి మూడో రోజు షుగర్ చూడు, ఎన్ని ఎలుకలు తక్కువ పడితే అన్నిటి బదులే అదనపువి వాడు. వాడనివి స్టాకులో ఉంటాయి, ఫారం డి రిజిస్టర్‌లో అలాగే రాయాలి. తోక చివర గుచ్చి తీసిన ఒక్క చుక్క గ్లూకోమీటర్‌కి చాలు, ప్రతిసారీ కంటి వెనక నుంచి రక్తం తీస్తానని పాత థీసిస్‌లోంచి దింపకు. బరువు 20 శాతం తగ్గితే ఏం చేస్తావో, ఆదివారాలు ఊక ఎవరు మారుస్తారో కూడా రాయి, ఆ మనిషి పేరుతో సహా. మీ అటెండర్‌ని ముందు అడిగి రాయి.

ఫారం మీటింగ్‌కి వారం ముందే అందరికీ పంపించు. ఆ రోజు పొద్దున చేతికిస్తే ఎవరూ చదవరు.